మైక్రో పీఐవీ: ఏళ్లుగా వాడుతున్న అనుభవంతో

సన్నటి చానెల్‌లో నీటి వేగం కొలవడానికి నాకు తెలిసినవాటిలో మైక్రో పీఐవీనే (పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీ, అంటే నీటిలో కలిపిన కణాలను మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసి వేగం కట్టే పద్ధతి) నమ్మకమైనది. కాకపోతే అది గీసిచ్చే వేగాన్ని చూపే రంగురంగుల బాణాల బొమ్మను చూడగానే నమ్మేయకూడదు.

నీటిలో అర మైక్రాన్ ఫ్లోరెసెంట్ బీడ్స్ (లేజర్ పడితే వేరే రంగులో వెలిగే సన్నటి పూసలు) కలుపుతాం. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వెంటవెంటనే రెండుసార్లు మెరుస్తుంది. బీడ్స్ నారింజ-ఎరుపు రంగులో వెలుగుతాయి. ఆ రెండు ఫొటోల మధ్య అవి ఎంత జరిగాయో చూసి సాఫ్ట్‌వేర్ వేగం లెక్కగడుతుంది. చానెల్ గోడల మీద పడి వెనక్కొచ్చే లేజర్ వెలుగు ఆకుపచ్చే కాబట్టి ఫిల్టర్ దాన్ని ఆపేస్తుంది. నల్లటి తెరపై బీడ్స్ మాత్రమే చుక్కల్లా కనిపిస్తాయి. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది. 1998లో శాంటియాగో అనే పరిశోధకుడి బృందం దీన్ని మెర్క్యురీ దీపంతో చేసి చూపింది, మరుసటి ఏడాదికే పల్స్ లేజర్ వచ్చింది.

అసలు చిక్కు లోతుతోనే. ఇక్కడ లేజర్‌ను పలచటి షీట్‌లా పరచలేం, చానెల్ మొత్తం వెలుగుతుంది. ఫోకస్‌కు పైనా కిందా ఉన్న బీడ్స్ మసకగా కనిపిస్తూనే లెక్కలో చేరతాయి. దాంతో చానెల్ మధ్యలో గరిష్ఠ వేగం అసలుకన్నా తక్కువగా వస్తుంది. ఎన్‌ఏ (న్యూమరికల్ అపర్చర్, అంటే ఎంత వెడల్పు కోణంలో వెలుగును పట్టగలదో చెప్పే అంకె) ఎక్కువున్న ఆబ్జెక్టివ్, అంటే మైక్రోస్కోప్ లెన్స్, వాడితే ఈ తేడా బాగా తగ్గుతుంది. డబ్బు పెట్టాల్సి వస్తే కెమెరా కన్నా ముందు దీనికే పెట్టమంటాను.

నెమ్మది ప్రవాహాల్లో బ్రౌనియన్ కదలిక (నీటి అణువులు ఢీకొట్టడంతో బీడ్స్ తమంతట తాము అటూఇటూ ఊగడం) విసిగిస్తుంది. సెకనుకు 100 మైక్రాన్ల వేగంలో, రెండు మెరుపుల మధ్య 10 మిల్లీసెకన్లు ఉంటే బీడ్ 1 మైక్రాన్ జరుగుతుంది. అర మైక్రాన్ బీడ్ అయితే అదే వ్యవధిలో తనంతట తానే సుమారు 0.14 మైక్రాన్ అటూఇటూ ఊగుతుంది. అంటే ఒక్క కణం మీద 14 శాతం గందరగోళం! ప్రవాహం నిలకడగా ఉంటే 100 జతల ఫొటోల సగటుతో అది పదో వంతుకు దిగుతుంది. ఆ నిలకడను, చానెల్‌లోకి నీటిని నెట్టే సిరంజి పంప్ పాడుచేస్తుంది. తక్కువ ఫ్లోలో దాని మోటార్ అడుగడుగునా ఇచ్చే కుదుపు డేటాలో స్పష్టంగా కనిపిస్తుంది. దాని బదులు గాలి ఒత్తిడితో నీటిని నెట్టే ప్రెషర్ కంట్రోలర్ పెడితే ప్రాణం హాయిగా ఉంటుంది.

బీడ్స్ ఉండకట్టకుండా వాడేముందు సోనికేటర్‌లో (శబ్దతరంగాలతో కదిపే పరికరం) పెట్టాలి, కొంచెం సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) కలపాలి. విద్యుత్ క్షేత్రం ఉన్నచోట మాత్రం జాగ్రత్త: బీడ్స్‌కు చార్జ్ ఉంటుంది కాబట్టి అవి నీటి వేగంతో పాటు తమ సొంత వేగాన్నీ కలిపి చూపిస్తాయి. అలాంటిచోట చార్జ్ లేని రంగుతో, లేజర్ కింద అది వెలిసిపోయే తీరును బట్టి వేగం కట్టే పద్ధతే మేలు. నీరు నెమ్మదిస్తే రంగు లేజర్ కింద ఎక్కువసేపు ఉండి, ఎక్కువగా వెలిసిపోతుంది.