మూడేళ్లుగా మా పిల్లల చేతిలో నలిగిన సముద్ర పెట్టె

రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోటుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది మా పల్లె. గంజాం జిల్లా, ఒడిశా. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో రెండూ. సాయంత్రాలు మా అరుగు మీద వేటకెళ్లే ఇళ్ల పిల్లలు పద్నాలుగు మందికి ట్యూషన్ చెప్తాను. వాళ్ల కోసం 2022 జూన్‌లో, పిల్లలకు సముద్ర విజ్ఞానం నేర్పుతుందని అమ్మే ఒక పెట్టె తెప్పించాను. ధర 2,400 రూపాయలు, నాకు చిన్న మొత్తం కాదు. ఇలాంటివి ఇప్పుడు రెండు మూడు రకాలు దొరుకుతున్నాయి, లోపలి సామాను ఇంచుమించు ఒకటే. అందుకని కంపెనీ పేరు జోలికి పోకుండా వస్తువుల గురించే రాస్తున్నాను. ఏది పనికొచ్చిందో, ఏది అటకెక్కిందో మూడేళ్ల తర్వాత గట్టిగానే చెప్పగలను.

అందులో వచ్చినవి ఒక గాజు హైడ్రోమీటరు, థర్మామీటరు, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, సన్నకన్ను వల, సముద్రపు లోతుల పటం, ఆటుపోట్ల వేళలు చూపే చక్రం, 48 బొమ్మల కార్డులు.

ముందు హైడ్రోమీటరు సంగతి. పెట్టె ఖరీదంతా దానికొక్కదానికే ఇచ్చాననుకున్నా నాకు బాధ లేదు. అడుగున బరువున్న సన్నటి గాజు గొట్టం అది. నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే పైకి తేలుతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. మంచినీళ్లలో 1.000 గీత దగ్గర, మామూలు సముద్రపు నీళ్లలో 1.025కి అటూ ఇటూగా నిలబడుతుంది. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుందని పుస్తకంలో చదివిన పిల్లలు, హుమ్మా ఉప్పు మడులు చూసిన పిల్లలు, ఆ ఉప్పును ఒక అంకెగా చూడటం అదే మొదలు. ప్రతి ఆదివారం పొద్దున్న బిందెడు నీళ్లు తేవడం, కొలవడం, నోటుబుక్కులో రాయడం వాళ్ల పని.

జూన్‌లో 1.023 చూపిన గీత దసరా వెళ్లేసరికి 1.018కి దిగిపోయింది. గొట్టం పాడైందనుకుని మంచినీళ్లలో పెట్టి చూశాను, సరిగ్గానే ఉంది. అయితే మన ఏటి నీళ్ల వల్లే అయ్యుంటుందని పిల్లలకు చెప్పేశాను. కానీ అప్పటికి వానలు వెనకబట్టాయి, ఏరు సన్నబడుతోంది. ఒక పిల్లాడి మావయ్య బోటు మీద లోపలికి వెళ్లినప్పుడు రెండు సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చాడు. ఏటి నోటికి అంత దూరాన కూడా 1.019 దాటలేదు. అప్పుడు ఆ పిల్లాడి తాత అన్నాడు: “అది మన ఏటి నీరు కాదమ్మా. ఈ రోజుల్లో నీరు ఉత్తరాన్నించి దిగుతాది. వల ఎటు లాగుతుందో చూస్తే తెలీదా?”

ఆయన చెప్పిందే నిజం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలో పోసిన వాననీటిని మోసుకొస్తుంది. ఎండాకాలంలో అదే ప్రవాహం వెనక్కి తిరిగి, దక్షిణం నుంచి ఉప్పటి నీళ్లు తెస్తుంది. మరుసటి మే నెలలో గీత 1.024కి ఎక్కినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! ఎక్కడో హిమాలయాల్లో కరిగిన మంచు, అస్సాంలో పడ్డ వాన మా బిందెలోకి వచ్చిందన్న మాటను వాళ్లు పుస్తకంలో చదవలేదు, కొలిచి తెలుసుకున్నారు.

అక్కణ్ణుంచి తుపాన్లకు దారి దొరికింది. గాజు గ్లాసులో ఉప్పునీళ్లు పోసి, వాటి మీద రంగు కలిపిన మంచినీళ్లు గరిటె వెనక నుంచి మెల్లగా వదిలితే రెండూ కలవవు, పైన పొరలా ఉండిపోతాయి. బంగాళాఖాతంలో జరిగేదీ అదే. పైనున్న తేలిక నీరు కింది చల్లటి నీటిని పైకి రానివ్వదు, అందుకే వానలు పోయాక కూడా పైనీరు వెచ్చగా ఉంటుంది. తుపానుకు కావలసింది ఆ వేడే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పిల్లల్లో సగం మంది ఇంకా పుట్టలేదు. తిత్లీ మాత్రం చాలామందికి లీలగా గుర్తుంది. ఆ రెండూ అక్టోబరులోనే ఎందుకొచ్చాయన్న ప్రశ్న ఈ గ్లాసు చూశాక వాళ్లంతట వాళ్లే అడిగారు.

గాజు హైడ్రోమీటరు నాలుగో నెలలోనే బిందె అడుగుకు తగిలి పగిలింది. బరంపురంలో అలంకార చేపలమ్మే కొట్లో ప్లాస్టిక్‌ది దొరికింది, ఇప్పటికీ అదే వాడుతున్నాం. కొత్తగా కొనేవాళ్లు రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా మెడ కోసి అందులో కొలవండి. లోతు సరిపోతుంది, గొట్టమూ పగలదు.

వల మీద నాకు మిశ్రమ అభిప్రాయం. అలలు విరిగేచోట ఈడిస్తే ఇసుకే నిండుతుంది. పోటు ఎక్కుతున్నప్పుడు ఏటి నోటి దగ్గర నిలబడి ఇరవై బకెట్ల నీళ్లు దానిగుండా వంచాలి. అడుగున మిగిలిన చెంచాడు నీటిని తెల్లటి పళ్లెంలో పోసి చూస్తే ఆవగింజ కన్నా చిన్న చుక్కలు ఎగిరెగిరి పడుతుంటాయి. అవి కోపిపాడ్లు, రొయ్యలకూ పీతలకూ బంధువులు. నెత్తళ్లు తినేది వాటినే, వంజరం తినేది నెత్తళ్లను. మా ఇళ్లలో పులుసు కుండ దాకా వచ్చే గొలుసు ఆ పళ్లెంలోనే మొదలవుతుందని ఒక్కసారి చూపిస్తే చాలు. అయితే ఆ కోపిపాడ్లు మేసే డయాటమ్‌లు, అంటే ఒకే కణమున్న నాచు, ఈ భూతద్దానికి ఆనవు. భూమి మొత్తం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం అలాంటి సముద్రపు సూక్ష్మజీవులదే. అంత ముఖ్యమైనదాన్ని చూపలేని భూతద్దం పెట్టడం పెద్ద లోటు. ఎనిమిదో నెలలో వల కుట్లు ఊడాయి. మా వీధిలో వలలు బాగుచేసే పెద్దాయన నైలాను దారంతో మళ్లీ కుట్టాడు. ఆ తర్వాత చెక్కుచెదరలేదు.

నాకు నిజంగా కోపం తెప్పించినవి కార్డులు. 48లో మా సముద్రానివి తొమ్మిదే. మిగతావన్నీ పగడపు దిబ్బల చేపలు, పెంగ్విన్లు, ధ్రువపు ఎలుగుబంట్లు. రాత ఇంగ్లీషులో, హిందీలో. కానాగంత, చందువా, సావిడాయి, కవళ్లు ఒక్కటీ లేవు. జెల్లీ చేప కార్డులో, ఒడ్డుకు కొట్టుకొచ్చినదాన్ని పట్టుకుని పరిశీలించమని ఉంది. ఇది ప్రమాదం. చచ్చిన తర్వాత కూడా దాని తోకల్లోని కుట్టే కణాలు పనిచేస్తాయి. ఆ కార్డు తీసి పారేశాను, మీరూ తీసేయండి.

చివరికి పాత నోటుబుక్కుల అట్టలు కోసి మా కార్డులు మేమే చేసుకున్నాం. ఇప్పటికి అరవై అయ్యాయి. ఒక పక్క ఇంట్లో పిలిచే తెలుగు పేరు, ఇంకో పక్క బళ్లో వాడే ఒడియా పేరు. టేకు చేప (ఇంగ్లీషులో రే) కార్డు రాస్తుంటే ఒక పాప “టీచరమ్మా, టేకు గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటాది. మా నానమ్మ కోస్తుంటే చూశాను” అంది. ముల్లు టేకుల విషయంలో అది అక్షరాలా నిజం. పెట్టెలోని కార్డులో ఆ ముక్క లేదు. అప్పటినుంచి ప్రతి కార్డూ రాసేముందు ఇళ్లల్లో పెద్దవాళ్లను అడిగి రావడం నియమం చేసుకున్నాం.

లోతుల పటం కాగితం చెమ్మకు ఉబ్బి చిరిగింది కానీ, దాంతో వచ్చిన ఆలోచన మంచిది. వల తాడు తీసుకుని పది మీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున ముడులు వేశాం. లోకంలోకెల్లా లోతైన మరియానా అగాధానికి పదకొండు మీటర్ల తాడు పట్టింది, వీధి చివరిదాకా వెళ్లింది. ఎవరెస్టు అందులో మునిగిపోగా ఇంకా రెండు మీటర్లు మిగిలింది. బంగాళాఖాతం సగటు లోతు రెండున్నర మీటర్ల తాడు. ఇక మొక్కలు బతకడానికి చాలినంత ఎండ దిగే 200 మీటర్లు జానెడు. ఆ జానెడు మీద జాన పెట్టి ఒక పిల్లాడు చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆటుపోట్ల చక్రం వేరే తీరానికి అచ్చువేసింది, మాకు పనికిరాలేదు.

థర్మామీటరు బాగుంది. తాబేళ్ల పాఠమంతా దాంతోనే చెప్పాను. 2025 ఫిబ్రవరిలో మా ఒడ్డున దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఇక్కడ ఇవి ఇలా గుంపులుగా గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు గుర్తించింది 1994లో, మా ముసలివాళ్లకు అంతకు ముందే తెలుసు. గుడ్ల గూళ్ల జోలికి వెళ్లకుండా, దూరంగా ఖాళీ ఇసుకలో మోచేతి లోతున గుంట తీసి వేడి కొలిచాం. ఇసుక 29, 30 డిగ్రీలు దాటితే తాబేలు పిల్లల్లో ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. మార్చి మొదట్లో, ఏప్రిల్ మధ్యలో మా కొలతల మధ్య తేడా చూసి, వేడి ఏటేటా పెరిగితే మగ తాబేళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయని మా పిల్లలు అడిగారు. తాబేలు పిల్లలు గూళ్లలోంచి బయటికొచ్చే రాత్రుల్లో మాత్రం పెట్టెతో వచ్చిన ఏ వస్తువూ తీసుకెళ్లం, లైటు అసలే వద్దు. అవి వెలుతురున్న వైపు నడుస్తాయి, వీధి దీపాన్ని సముద్రమనుకుంటాయి.

తీరానికి దూరంగా ఉండేవాళ్లకి ఈ పెట్టె కొనమని చెప్పలేను, కార్డులు తప్ప వాళ్లకు మిగిలేది తక్కువ. తీరం పక్కన ఉండేవాళ్లు హైడ్రోమీటరు, థర్మామీటరు, సన్నకన్ను వల విడివిడిగా కొనుక్కుంటే సగం డబ్బు మిగులుతుంది. ఆ డబ్బుతో చిన్న మైక్రోస్కోపు చూసుకోండి, నేనూ దానికే కూడబెడుతున్నాను.

మొన్న ఆదివారం గీత 1.019 దగ్గర ఉంది. తాతకి చెప్తే, ఇంకా దిగుతాది, దీపావళి దాకా చూడమన్నాడు.