మినాక్సిడిలా, ఫినాస్టెరైడా, నున్నగా గుండా?

బట్టతల వస్తే మగతనం ఎక్కువని ఒకరంటారు. బట్టతల మందు వాడితే ఆ మగతనమే పోతుందని ఇంకొకరు. మొదటిది బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే. యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయినవాళ్లకు బట్టతల రాదనీ, వాళ్లకు మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఇస్తే వంశంలో బట్టతల ఉన్నవాళ్లకే జుట్టు ఊడుతుందనీ అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ 1942లోనే చూపాడు. అంటే హార్మోన్ ఉండాలి, కానీ ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు. దాన్నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌కి కుదుళ్లు ఎంత తేలిగ్గా లొంగుతాయన్నదే అసలు సంగతి.

రెండో మాటలో మాత్రం కాస్త నిజముంది. ఫినాస్టెరైడ్ రోజుకు 1 మి.గ్రా. మాత్ర. రక్తంలో డీహెచ్‌టీని మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. టెస్టోస్టెరాన్ తగ్గదు, పైగా కొంచెం పెరుగుతుంది. తొలి పరీక్షల్లో లైంగిక ఇబ్బందులు మందు మింగినవాళ్లలో 3.8 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 2.1 శాతం. మందు ఆపితే చాలామందికి సర్దుకుంటుంది. అరుదుగా కొందరు ఆ తర్వాతా కొనసాగిందని చెప్పారు, దిగులు కూడా పట్టుకోవచ్చు. అందుకే డాక్టరు చీటీ లేకుండా మొదలుపెట్టొద్దు. ప్రొస్టేట్ గ్రంథి కోసం పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించుకుంటే ఈ మాత్ర సంగతి చెప్పాలి, అంకె సగానికి పడిపోతుంది. మాత్ర ఆపిన నెల వరకు రక్తదానం చేయకూడదు. విరిగిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదు.

మినాక్సిడిల్ 5 శాతం ద్రావణం డీహెచ్‌టీ జోలికి పోదు, కుదుళ్లను పెరుగుదల దశలోకి నెడుతుంది. పొడి తలకు 1 మి.లీ., పొద్దునా రాత్రీ. చాలామంది జుట్టుకు రాస్తారు, చర్మానికి అంటదు. పడుకునే ముందు రాస్తే దిండుకు, అక్కణ్నుంచి ముఖానికి అంటి అక్కడ వెంట్రుకలు మొలుస్తాయి. రెండు గంటల ముందే రాయండి. మొదటి రెండు నెలల్లో జుట్టు ఇంకా రాలుతుంది, భయపడి ఆపేసేది అక్కడే. దురదపెడితే నురగ రకానికి మారండి. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, దానికిది విషం.

నడినెత్తి పలచబడుతూ, వంశంలో బట్టతల ఉన్న ముప్ఫైల వయసువాళ్లకు మా ఓటు ఫినాస్టెరైడ్‌కే, మినాక్సిడిల్ తోడుగా. మాత్రంటే గుబులుగా ఉన్నా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా మినాక్సిడిల్ ఒక్కటే చాలు. ఏదైనా ఏడాది చూడాలి, ఆపితే నెలల్లోనే పాత స్థితి. నుదుటి పక్కలు పూర్తిగా ఖాళీ అయితే రెండూ పెద్దగా తిరిగి మొలిపించవు.

అప్పుడు ట్రిమ్మరే చవక. ఎండలోకి వెళ్లేటప్పుడు మాడుకు సన్‌స్క్రీన్ మరవకండి.