కొబ్బరి తోటలో లేజర్ రేంజ్‌ఫైండర్: విల్లు పట్టేవాళ్లకి ఏది పనికొస్తుంది

విల్లు కోసం రేంజ్‌ఫైండర్, అంటే లేజర్‌తో దూరం కొలిచే పరికరం, కొనాలనుకుంటే డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన వెయ్యి గజాల మాట పక్కన పెట్టేయండి. కాంతిని బాగా తిప్పికొట్టే వస్తువు మీద వచ్చే దూరం అది. జింక ఒంటి మీదైతే అందులో సగం కూడా రాకపోవచ్చు. అయినా మన బాణానికి అంత దూరంతో పనేముంది? మనకు కావలసింది 10 నుంచి 60 మీటర్ల లోపల సరైన అంకె. అదీ ఆకుల సందుల్లోంచి, పొద్దు వాలాక కూడా రావాలి. అమలాపురం దగ్గర మా కొబ్బరి తోటలో దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొనేవాళ్లకి నా సలహా అంతా ఈ రెండు మాటల చుట్టూనే: ఆకులు, వెలుతురు.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. విల్లుతో వేటాడినా నేరమే. నేను కొట్టేది ఫోమ్‌తో చేసిన జింక బొమ్మల్ని. టెక్సస్‌లో ఉండే మా బావమరిది మాత్రం అక్కడి లైసెన్సు తీసుకుని తెల్లతోక జింకల వేటకి వెళతాడు. ఈ పరికరాన్ని చూసి ఎంచి పంపింది అతనే. అందుకే ఇది వేటగాళ్ల మోడల్, గోల్ఫ్ వాళ్లది కాదు. ఆ తేడా ఎంత పెద్దదో మా తోటలో వాడాకే నాకు తెలిసింది.

విల్లుకి దూరం ఎందుకంత ముఖ్యమో ఒక్క లెక్క చూస్తే చాలు. కొసల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 85 మీటర్ల వేగంతో వెళుతుందనుకుందాం. విల్లు మీద గురి చూసే సైటు 40 మీటర్లకు సర్ది ఉంది, బొమ్మ నిజంగా ఉన్నది 43 దగ్గర. బాణం గురి కంటే తొమ్మిది సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. 50 మీటర్ల పోటీల్లో వాడే 80 సెంటీమీటర్ల టార్గెట్ మీద ఒక్కో వలయం వెడల్పు 4 సెంటీమీటర్లే. అంటే చేయి వణకకపోయినా, వదలడం శుభ్రంగా ఉన్నా, దూరం అంచనా మూడు మీటర్లు తప్పితే రెండు వలయాలకు పైగా పోయినట్టే. వేటలోనైతే ఆ తొమ్మిది సెంటీమీటర్లకి జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడి చస్తుంది. దూరం తెలియకుండా బాణం వదలడం పాపం అని మా బావమరిది అంటాడు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ఇక ఆకుల సంగతి. పరికరం కంటికి కనిపించని లేజర్ మెరుపును పంపి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. 40 మీటర్లు పోయి రావడానికి పట్టేది 267 నానోసెకన్లు. దారిలో కొబ్బరి మట్ట అడ్డొస్తే కొంత కాంతి దాని నుంచే వెనక్కి వచ్చేస్తుంది. గోల్ఫ్ మోడళ్లు సాధారణంగా ముందు తగిలిన వస్తువు దూరం చూపిస్తాయి. వాళ్లకి కావలసింది జెండా కర్ర, వెనకున్న చెట్లు కాదు కదా. వేట మోడళ్లలో దీనికి తిరగేసి, అన్నిటికంటే వెనక తగిలినదాని దూరం చూపే మోడ్ ఉంటుంది. మా తోటలో అరటి, పోక అంతరపంటలు. స్నేహితుడి గోల్ఫ్ పరికరంతో అదే బొమ్మను చూస్తే 14 అని చెప్పింది, అది మధ్యలో వేలాడే అరటాకు. నాది 37 అంది. టేపు పెట్టి చూస్తే 37కి జానెడు తేడా. ఈ మోడ్ లేని పరికరాన్ని కోనసీమలో ఎవరు ఉచితంగా ఇచ్చినా నేను విల్లు పక్కన పెట్టుకోను.

అయితే ఈ మోడ్‌కీ ఒక మెలిక ఉంది. బొమ్మ సన్నగా ఉండి వెనక గట్టు ఉంటే అది గట్టు దూరం చెప్పేస్తుంది. అప్పుడు బొమ్మ పాదాల దగ్గరి నేలనో, పక్కనున్న చెట్టు మొదలునో కొలవాలి. కొబ్బరి మాను మీద రీడింగ్ ఎప్పుడూ గట్టిగా వస్తుంది. కాలవ నీటి మీద మాత్రం నమ్మకండి. నీరు కాంతిని అవతలికి జార్చేస్తుంది కాబట్టి అంకె రాదు, లేదా అవతలి గట్టుది వస్తుంది.

కొత్త పరికరాన్ని పరీక్షించడానికి మన దగ్గర ఖర్చు లేని పద్ధతి ఉంది. తోటలో చెట్ల వరసలు సాధారణంగా పాతిక అడుగుల ఎడంతో ఉంటాయి. ఒక వరసను ఒక్కసారి టేపుతో కొలిచి, ఒక్కో మానుకి సున్నంతో గీత పెట్టుకోండి. తర్వాత మొదటి చెట్టు నుంచి ఒక్కొక్కటీ కొలుచుకుంటూ వెళ్లండి. అర మీటరు తేడా అయితే ఫర్వాలేదు. 20 మీటర్ల లోపల తడబడే పరికరాన్ని వెంటనే వెనక్కి పంపేయండి.

వెలుతురు విషయంలో నా మాట సూటిగా చెబుతాను: ఎర్ర అంకెలు చూపే డిస్‌ప్లే తీసుకోండి. నల్ల అంకెలవి చవక, బ్యాటరీ కూడా తక్కువ తింటాయి. కానీ సాయంత్రం తోట నీడలో, చీకటి పొద వెనక ఉన్న బొమ్మ మీద ఆ నల్ల అంకె అసలు కనపడదు. వేటగాళ్లకి జింకలు ఎక్కువగా తిరిగే వేళ కూడా తెల్లవారుజాము, సాయంత్రమే.

కోణాన్ని లెక్కగట్టే సదుపాయానికి కంపెనీలు చాలా ప్రచారం చేస్తాయి. బుష్‌నెల్ దాన్ని ఆర్క్ అంటుంది, ల్యూపోల్డ్ టీబీఆర్ అంటుంది. భూమ్యాకర్షణ పనిచేసేది అడ్డంగా ఉన్న దూరం మీద కాబట్టి 30 డిగ్రీల వాలులో 40 మీటర్లు కనిపిస్తే బాణాన్ని 34.6కే వదలాలి. మారేడుమిల్లి వైపు కొండల్లాంటి చోట అది ప్రాణం. మా డెల్టాలో నేల పళ్లెంలా ఉంటుంది. ఆరు మీటర్ల ఎత్తు మంచె ఎక్కి 20 మీటర్ల అవతల చూసినా తేడా మీటరు లోపే. ఉంటే మంచిదే, దానికోసం అదనంగా డబ్బు పోయక్కర్లేదు.

మా గాలిలో తేమ దీనికి అసలు శత్రువు. వానలకి తడిసినా నాది బతికింది, ఎందుకంటే లోపల నైట్రోజన్ నింపి సీలు వేసిన రకం. కానీ ఏసీ గదిలోంచి బయటికి తెస్తే పైఅద్దం మీద ఆవిరి కమ్ముతుంది, కాసేపు ఆగాలి. వర్షాకాలమంతా సిలికా జెల్ పొట్లాలేసిన స్టీలు డబ్బాలో పెడతాను. ధనుర్మాసపు పొగమంచులో మాత్రం ఏ పరికరమూ సరిగ్గా చెప్పదు, మంచు నుంచే కాంతి తిరిగొస్తుంది.

వాడే తీరు మీద బావమరిది చెప్పినది నాకు బాగా పనికొచ్చింది. “బావా, జింక కనపడ్డాక కొలవడం మొదలుపెడితే ఆలస్యమే. కూర్చోగానే చుట్టూ నాలుగు చెట్లు కొలిచి గుర్తుపెట్టుకో” అన్నాడు. ఇప్పుడు నేను చేసేది అదే. బొమ్మ దగ్గరికి వెళ్లక ముందు మనసులో ఒక అంకె అనుకుని, తర్వాతే బటన్ నొక్కుతాను. ఎందుకంటే అంతర్జాతీయ విలువిద్య సంఘం వరల్డ్ ఆర్చరీ నడిపే ఫీల్డ్ (ఆరుబయట నడుస్తూ వరసగా టార్గెట్లు కొట్టే), త్రీడీ (జంతువుల బొమ్మల్ని కొట్టే) పోటీల్లో రేంజ్‌ఫైండర్ వాడకూడదు. త్రీడీలో దూరాలు రాసి ఉండవు, కళ్లే దిక్కు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చాక కాంపౌండ్ విల్లు మీద ఆశపడే పిల్లల్ని చూస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. త్రీడీ వైపు వచ్చే పిల్లలకి నేను ముందు నేర్పేది ఈ అంచనా కట్టడమే.

బ్యాటరీ ఒక్కటే నన్ను విసిగించింది. దీనికి కావలసింది సీఆర్2, పొట్టిగా లావుగా ఉండే మూడు వోల్టుల లిథియం రకం. షాపులో అడిగితే సీఆర్2032 బిళ్ల చేతిలో పెడతారు. ఆన్‌లైన్‌లో రెండు మూడు ఒకేసారి తెప్పించి పెట్టుకోవాలి. మళ్లీ కొనాల్సి వస్తే టైప్-సీతో చార్జ్ అయ్యే రకమే తీసుకుంటాను, వెనక వస్తువు మోడ్, ఎర్ర అంకెలు అందులోనూ ఉంటేనే.