పెంతెకోస్తు ముందు గోదావరి డెల్టాలో: ప్రార్థనలు, బసలు, దారి

కరిస్మాటిక్ ప్రార్థన, అంటే పవిత్రాత్మ వరాల కోసం గొంతెత్తి స్తుతిస్తూ చేసే ప్రార్థన మాటెత్తితే మన కథోలిక ఇళ్ళల్లో ఇప్పటికీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "అది మనది కాదు, పెంతెకోస్తు సంఘాల వాళ్ళది" అని కొందరు. "అసలు ప్రార్థన అదే, మిగతాదంతా పుస్తకం చూసి చదవడమే" అని ఇంకొందరు. ఈ ఏడాది పెంతెకోస్తు పండుగకి (శిష్యుల మీదికి పవిత్రాత్మ దిగివచ్చిన రోజు) ముందు తొమ్మిది రోజులు చేసే నవదిన ప్రార్థనల రోజుల్లో అత్తయ్యగారిని తీసుకుని ఏలూరు నుంచి కోనసీమ దాకా వెళ్ళొచ్చాను. ఆ రెండు మాటలతోనూ నేను ఒప్పుకోలేను. ఎక్కడికి వెళ్తున్నాం, అక్కడ ప్రార్థన అయ్యాక మనుషుల్ని ఎటు పంపుతున్నారు అన్నదే చూడాలి. అందుకే మేం చూసిన చోట్లు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది.

మొదట గౌరీపట్నం నిర్మలగిరి, మరియమాత పుణ్యక్షేత్రం. దేవరపల్లి దగ్గర, హైవేకి చేరువలోనే ఉంటుంది కాబట్టి ఏలూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి సులువు. కాకపోతే ఎక్స్‌ప్రెస్ బస్సులన్నీ ఆగవు, ఎక్కేటప్పుడే కండక్టరుని అడగండి. మార్చిలో మంగళవార్త పండుగ (యేసు పుట్టుక గురించి దేవదూత మరియమ్మకి చెప్పిన రోజు) రోజుల్లో వెళ్తే జనంలోనే సగం రోజు పోతుంది. మేం వెళ్ళింది మే నెలలో, వారం మధ్యలో. మరియమాత ముందు ఎంతసేపు కూర్చున్నా జరగమనేవాళ్ళు లేరు. ఎండ మాత్రం దారుణం. చెప్పులు విప్పాల్సిన చోట బండలు కాలిపోతున్నాయి. పెద్దవాళ్ళుంటే పొద్దున పదిలోపే చూసుకోండి. పెంతెకోస్తు కోసం మేడగదిలో కనిపెట్టుకుని ఉన్న శిష్యుల మధ్య యేసు తల్లి కూడా ఉందని అపోస్తలుల కార్యాల మొదటి అధ్యాయం చెబుతుంది. మా ప్రయాణం ఆమె దగ్గర మొదలవడం అత్తయ్యకి ఎంత నచ్చిందో.

రాత్రికి రాజమండ్రి చేరాం. ముహూర్తాల రోజులు, లాడ్జీలన్నీ పెళ్ళివారితో నిండిపోయాయి. కోటిపల్లి బస్టాండు దగ్గర పదిహేను వందల్లో ఏసీ గది దొరికింది. గది శుభ్రంగానే ఉంది గానీ లిఫ్ట్ ఉందని ఫోన్లో చెప్పి, తీరా వెళ్తే "రిపేర్లో ఉందండి" అన్నారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషితో రెండంతస్తులు ఎక్కాల్సి వచ్చింది. మేలో అయితే వారం ముందే, కింది అంతస్తు అని గట్టిగా చెప్పి బుక్ చేసుకోవాలి.

రాజమండ్రి దాటాక తెలిసినవాళ్ళు చెప్పారని ఒక ప్రార్థన మందిరానికి వెళ్ళాం. పేరు రాయను. కథోలికులే నడుపుతున్నారన్నారు గానీ, అక్కడ గురువులు (ఫాదర్లు) లేరు, దివ్యపూజ లేదు, ఏ విచారణతోనూ (ఒక గుడి కింద ఉండే విశ్వాసుల సంఘం) సంబంధం లేదు. చెవులు గడియలు పడే సౌండు. స్టేజీ మీదికి ఒక్కొక్కరినీ పిలిచి "నొప్పి పోయిందా? గట్టిగా చెప్పండి" అని మైకు నోటికి ఆనిస్తున్నారు. చేతికర్ర ఉన్న ఒక పెద్దాయన కర్ర వదిలేసి నాలుగడుగులు వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన దిగాక, తడుముకుంటూ వెనక్కొచ్చి ఆ కర్రే వెతుక్కోవడం నేను దగ్గర్నుంచి చూశాను. నాకు కడుపులో దేవినట్టయింది. ప్రత్యేక ప్రార్థనకి ఒక కవరు, అందులో పెట్టాల్సిన మొత్తం కూడా చెప్పేశారు. భోజనానికి కూడా ఆగకుండా వచ్చేశాం.

స్వస్థత ప్రార్థనలు తప్పు అని శ్రీసభ (కథోలిక సంఘం) ఎప్పుడూ అనలేదు. కానీ 2000 సెప్టెంబరులో వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత విభాగం స్వస్థత ప్రార్థనల మీద ప్రత్యేకంగా ఒక సూచన పత్రం ఇచ్చింది. అప్పట్లో ఆ విభాగానికి అధిపతి కార్డినల్ రాట్జింగర్, తర్వాత పదహారో బెనెడిక్ట్ పోపు అయినాయన. ఇలాంటి కూటాల్లో ఉన్మాదం, నాటకీయత, సంచలనం చోటు చేసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. పీఠాధిపతుల (బిషప్పుల) పర్యవేక్షణ గురించీ ఉంది. ఈ సంగతి మనలో ఎక్కువమందికి తెలియదు. తెలిస్తే ఏ కూటానికి వెళ్ళాలో, ఎక్కడి నుంచి లేచి రావాలో ఎవరినీ అడగక్కర్లేదు.

యానాంలో ఒక పూట ఆగాం. ఫ్రెంచివాళ్ళ హయాంలో కట్టిన పునీత అన్నమ్మ గుడి చూడదగ్గది. శని, ఆదివారాల్లో మాత్రం రాత్రి బస పెట్టుకోకండి, మందు కోసం వచ్చేవాళ్ళ గోల ఎక్కువ. ఎదుర్లంక వంతెన దాటితే కోనసీమే.

మేం అసలు బయల్దేరింది రాజోలు వైపు ఒక విచారణకి. పెంతెకోస్తుకి ముందు అక్కడ కరిస్మాటిక్ రిట్రీట్ (కొన్ని రోజులు అక్కడే ఉండి చేసే ప్రార్థన కూటం) పెడతారు. గుడి పక్కన రేకుల షెడ్డు, చుట్టూ కొబ్బరితోట, కాస్త దూరంలో రొయ్యల చెరువుల ఏరేటర్ల చప్పుడు. సాయంత్రం జపమాల, ఆ తర్వాత దివ్యపూజ, పూజ అయ్యాకే స్తుతి ప్రార్థన. ఈ వరస చూడగానే నా టెన్షన్ సగం తగ్గింది. ఒక కీబోర్డు, ఒక డోలక్, అంతే. పాట అయ్యాక ఎవరి మాటల్లో వాళ్ళు సన్నగా స్తుతించడం మొదలుపెట్టారు. గొంతులు పెరిగి, కొందరి నోట తెలియని పలుకులు వచ్చాయి. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని "ఏం భాషమ్మా అది?" అన్నారు. "భాషల వరం అత్తయ్యా, పౌలు కొరింతీయులకు రాసింది ఇదే" అన్నాను. "ఆ పౌలే క్రమంగా ఉండాలని కూడా రాశాడుగా" అన్నారు ఆవిడ. నిజమే. కాసేపటికి నడిపించేవాయన చెయ్యెత్తగానే షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం చాలాసేపు ఉంది. టైలరింగ్ చేసుకునే ఒకావిడ లేచి యెషయా 43వ అధ్యాయంలోంచి నాలుగు వాక్యాలు చదివి కూర్చుంది. వివరణ ఏమీ చెప్పలేదు.

షెడ్డు వెనక చెట్ల కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో ఊదా స్టోల్ వేసుకున్న ఫాదర్ గారు పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) వింటున్నారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఆ లైను తగ్గలేదు. చెరువుల మీద కాపలా ఉండే కుర్రాళ్ళు, ఆటోవాళ్ళు, చాలా ఏళ్ళుగా గుడి గడప తొక్కలేదని తామే చెప్పుకున్నవాళ్ళు. ఆత్మ వరాలు మనుషుల్ని తీసుకెళ్ళాల్సింది ఆ కుర్చీ దగ్గరికీ, పూజ జరిగే పీఠం దగ్గరికీ అని నేను గట్టిగా నమ్ముతాను.

పొద్దుటి తరగతిలో ఫాదర్ గారు ఈ ఉద్యమం ఎలా మొదలైందో చెప్పారు. 1967 ఫిబ్రవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర, డ్యూకేన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు కొందరు అపోస్తలుల కార్యాలు చదువుకుని రిట్రీట్‌కి వెళ్ళి, అక్కడ పవిత్రాత్మ అనుభవం పొందారు. అక్కడి నుంచి నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికీ, తర్వాత దేశదేశాలకీ పాకింది. వరాలు సామాన్య విశ్వాసులకీ ఉంటాయని రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కథోలిక బిషప్పుల సభ) అప్పటికే చెప్పి ఉంది. 1975లో రోములో జరిగిన మహాసమావేశానికి పదివేల మంది వస్తే, ఆరో పౌలు పోపు ఈ ఉద్యమాన్ని శ్రీసభకి దొరికిన మంచి అవకాశంగా చూశారు. ఫ్రాన్సిస్ పోపుకి మాత్రం అర్జెంటీనాలో ఉన్న తొలి రోజుల్లో ఇది నచ్చేది కాదట, దగ్గర్నుంచి చూశాక మనసు మారింది. 2019 పెంతెకోస్తుకి 'కారిస్' అనే అంతర్జాతీయ సేవా సంస్థ పని మొదలుపెట్టినప్పుడు ఆయన మూడు పనులు అప్పగించారు: పవిత్రాత్మ అభిషేకాన్ని అందరితో పంచుకోవడం, క్రైస్తవుల ఐక్యతకి పనిచేయడం, పేదలకి సేవ చేయడం.

ఆ అభిషేకం కొత్త సంస్కారమేమీ కాదని ఫాదర్ గారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. జ్ఞానస్నానంలో, భద్రమైన అభ్యంగనంలో (కన్ఫర్మేషన్) ఇప్పటికే పొందిన వరం మనలో మేలుకోవడమే అది. ఒక కుర్రాడు లేచి "అమ్మకి ప్రార్థన చేయించాక ఇన్సులిన్ ఆపేయొచ్చా అండి?" అని అడిగాడు. ఫాదర్ గారు "డాక్టరు చెప్పేదాకా ఒక్క పూట కూడా మానొద్దు బాబూ, ఆ డాక్టర్ని ఇచ్చింది కూడా దేవుడే" అన్నారు. నాకు ఆ రిట్రీట్ మొత్తం మీద అన్నిటికంటే నచ్చిన మాట అది.

ఐక్యత సంగతి మన డెల్టాలో ఊరికే చెప్పుకునే మాట కాదు. ఇక్కడ లూథరన్, బాప్టిస్టు, బ్రదరన్ సంఘాలు మనకంటే బలమైనవి, చాలా ఇళ్ళల్లో అన్నదొక గుడి, తమ్ముడిదొక గుడి. మా పక్క చాప మీద ఒక లూథరన్ కుటుంబమే కూర్చుంది. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) వేళ వాళ్ళు తీసుకోకుండా ఆశీర్వాదానికి వచ్చారు, ఎవరూ వింతగా చూడలేదు. ఇక సేవ. అక్కడి ప్రార్థన బృందం వారంలో ఒక రోజు రోగులని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తుంది, వంట చేసుకుని మరీ.

బస గురించి. మగవాళ్ళకి హాల్లో చాపలు, ఆడవాళ్ళకి సిస్టర్స్ బడి గదులు. డబ్బు అడగరు, హుండీలో వేయాలి. పప్పు, వంకాయ కూర, ఆవకాయ, మజ్జిగ, అన్నం వేడివేడిగా ఉంది. వడ్డించే అమ్మాయిలు అత్తయ్యకి కుర్చీ తెచ్చి "మీరు లేవకండి మామ్మగారూ, మేం పెడతాం" అన్నారు. లోటు బాత్‌రూముల్లో ఉంది: జనానికి చాలవు, ఇండియన్ టైపే ఎక్కువ. రాత్రి కరెంటు పోతే దోమలు బతకనివ్వవు. మోకాళ్ళ సమస్య ఉంటే అమలాపురంలో గది తీసుకుని రోజూ ఆటోలో రావడం మేలు, చివరి రాత్రి మేం అదే చేశాం.

తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం దిగాం. చుట్టు తిరిగే పని తప్పుతుంది గానీ, వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, ముందే కనుక్కోండి. అక్కడి నుంచి భీమవరం మీదుగా ఏలూరుకి బస్సు.

ఇంటికొచ్చాక మా విచారణ గురువుల్ని కలిశాం. పవిత్రాత్మలో జీవితం మీద ఏడు వారాల సెమినార్ మన దగ్గరే పెట్టమని అడిగాం. వచ్చేవాళ్ళ పేర్లు రాసివ్వండి, పెడదాం అన్నారు. ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర నిలబడి ఆ పేర్లే రాసుకుంటున్నాం.