బాంబు చప్పుడా, కోడ్ సిగ్నలా: సముద్రం వేడి కొలవడానికి ఏది మేలు?

1960 మార్చిలో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర సముద్రంలో 300 పౌండ్ల చొప్పున పేలుడు మందు పేల్చారు. దాదాపు 3 గంటల 43 నిమిషాల తర్వాత ఆ చప్పుడు అట్లాంటిక్‌లో బెర్ముడా దగ్గర వినిపించింది. సుమారు 20 వేల కిలోమీటర్లు! సముద్రం లోతులో ధ్వని వేగం అతి తక్కువగా ఉండే పొర ఒకటుంది. అందులో పడ్డ శబ్దం అటూ ఇటూ వంగుతూ మళ్లీ అందులోకే వస్తుంది.

నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు దాదాపు 4 మీటర్లు పెరుగుతుంది. అంటే ప్రయాణ సమయం కచ్చితంగా తెలిస్తే దారి పొడవునా నీటి వేడి తెలిసినట్టే. ఈ పనికి నా ఓటు కోడ్‌కే, అంటే ముందే తెలిసిన అంకెల వరుసను ధ్వనిగా పంపే పద్ధతికే.

బాంబుతో చిక్కేమిటంటే, పేలాక గ్యాస్ బుడగ ఉబ్బుతూ ముడుచుకుంటూ ఇంకొన్ని చప్పుళ్లు చేస్తుంది. వచ్చింది వేరే దారిన వచ్చిన శబ్దమా, బుడగదా అన్నది తేల్చుకోవడం కష్టం.

1990ల్లో కాలిఫోర్నియా, హవాయి దగ్గర అడుగున బిగించిన యంత్రాలు 75 హెర్ట్జ్‌లో (సెకనుకు 75 కంపనాలు) 1023 అంకెల కోడ్ పంపేవి. నీటిలోకి వెళ్లే శక్తి 260 వాట్లే, 500 వాట్ల మిక్సీలో సగం. ఒక్కో కోడ్ 27 సెకన్లు. అందుకున్నచోట అదే కోడ్‌ను రికార్డు మీద జరుపుతూ పోలిస్తే, సరిపోయినచోట శిఖరం లేస్తుంది. లాభం 30 డెసిబెల్స్, అంటే దాదాపు వెయ్యి రెట్లు. మీరే కంప్యూటర్‌లో ఈ కోడ్‌కు శక్తిలో పది రెట్లు బలమైన రొద కలపండి. తెర మీద రొద తప్ప ఏమీ కనిపించదు, పోల్చగానే శిఖరం నిటారుగా నిలబడుతుంది. నాకు ఇప్పటికీ ఆ క్షణం అద్భుతమే! 20 నిమిషాల్లో 44 సార్లు పంపి కలిపితే ఇంకో 16 డెసిబెల్స్ వస్తాయి, ఆలోగా నీరు మరీ కదలకపోతే.

కదలికే కోడ్‌కు గండం. 1991లో దక్షిణ హిందూ మహాసముద్రంలోని హెర్డ్ దీవి దగ్గర యంత్రాన్ని ఓడకు వేలాడదీసి 57 హెర్ట్జ్‌లో పంపారు. ఓడ సెకనుకు మీటరున్నర జరిగితే ఫ్రీక్వెన్సీ వెయ్యిలో ఒక వంతు మారుతుంది. 75 హెర్ట్జ్ కోడ్‌లో 2046 ఆవృత్తాలు (కంపనాలు) ఉంటాయి కాబట్టి చివరికి రెండు ఆవృత్తాలు జారిపోయి, శిఖరం మాయమవుతుంది. కోడ్‌ను రకరకాల వేగాలకు సాగదీసి, కుదించి పోల్చి చూడాల్సిందే.

బాంబుకు ఆ బాధ లేదు. ఈ పొర ఆలోచన రెండో ప్రపంచ యుద్ధంలో మొదలైనప్పుడు, నీళ్లలో పడ్డ పైలట్ చిన్న పేలుడు గుళిక వదిలితే తీరంలోని స్టేషన్లు అతని చోటు కనిపెట్టాలన్నది ఉద్దేశం. ఆ పైలట్‌కు కావలసింది చేతిలో పట్టే గుళికే.