కొండ మీద చలికి ఏది మేలు: కుంపటా, హీటరా, సీలింగా?

వానలు వెనకపట్టాయంటే చాలు, సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "హీటరు కొనీమంటారా, కుంపటి సాల్దేటండీ?" ఒడిశాలో కొరాపుట్ కొండల మీది సునాబెడ, దామన్‌జోడిల్లో కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు కింద ఊళ్ల చలే తెలుసు. సుంకి ఘాటీ ఎక్కి సిమిలిగుడ చేరేసరికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తాం. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుందని లెక్క. మబ్బు లేని రాత్రయితే ఇంకా తగ్గుతుంది. ఇంటి కప్పు తనలోని వేడినంతా ఆకాశంలోకి వదిలేసుకుంటుంది మరి. మాఘంలో మాకులు వణుకుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు.

ముందు కుంపటి సంగతి. ఖర్చు తక్కువ, కరెంటు పోయినా పనిచేస్తుంది, చుట్టూ నలుగురూ కూర్చుంటారు. నాకూ ఇష్టమే, కానీ వాకిట్లోనో వరండాలోనో. తలుపులు మూసిన పడకగదిలోకి మాత్రం వద్దే వద్దు. "మా అమ్మమ్మ జన్మంతా కుంపటి పక్కనే పడుకుంది కదా" అంటారు. ఆవిడ ఇంటికి పెంకుల సందులున్నాయి, చూరు కింద ఖాళీ ఉంది. ఇక్కడి కొండ ఊళ్లలో గడ్డి కప్పిన ఇళ్లలోనూ పొయ్యి పొగ కప్పులోంచే బయటకు పోతుంది. మనవి స్లాబు ఇళ్లో, రేకుల ఇళ్లో, కిటికీకి అద్దాలు, గడప కింద గుడ్డ. బొగ్గు పూర్తిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ ఆగిపోయి నిప్పులు ఎర్రగా ఉన్నాయి కదా, ఇంక భయం లేదనుకుంటారు, ఆ విషం వచ్చేది ఆ నిప్పుల్లోంచే. మెలకువగా ఉంటే తలనొప్పి, వికారం వచ్చి బయటకు పరుగెత్తవచ్చు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ అవకాశం ఉండదు. పసిపిల్లలున్న ఇంట్లో దీని మీద ఇంక చర్చే వద్దు. గ్యాస్ గీజరు స్నానాల గదిలో బిగించుకునేవాళ్లకూ ఇదే మాట: గాలి ఆడాలి, లేదా గీజరు గది బయట ఉండాలి.

హీటరులో ఆ విషం లేదు. గదిలో ఆక్సిజన్‌ను తినేస్తుందన్నది కూడా ఉత్త మాట, కరెంటు హీటరు దేన్నీ మండించదు. గాలి పొడిబారినట్టు అనిపిస్తుంది, అంతే. రాడ్ల హీటరు ఎదురుగా కూర్చున్నవాళ్లకే వెచ్చన. బ్లోయరు గదిని త్వరగా వేడెక్కిస్తుంది కానీ చప్పుడు. నూనె నింపిన రేడియేటరు నిదానం, ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది, ధర ఎక్కువ. లెక్క చూడండి: 2000 వాట్ల హీటరు రోజూ నాలుగు గంటలు తిరిగితే ఎనిమిది యూనిట్లు, నెలకు 240. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుందని మరవద్దు. ఆ హీటరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది కనుక ఫోన్ ఛార్జరు పెట్టే చిన్న సాకెట్‌కు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకూడదు. 16 ఆంపియర్ల సాకెట్ ఉందో లేదో ముందు చూసుకోండి. పాత అద్దె ఇళ్లలో చాలావాటికి అది వంటింట్లో తప్ప ఉండదు.

కానీ రేకుల ఇంట్లో హీటరు పెడితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? నేరుగా పైకి, రేకుకు తగిలి బయటకు. స్విచ్ ఆపిన కాసేపటికే గది మళ్లీ మొదటికి వస్తుంది. పైగా మన ఊపిరిలోని తేమ, వంట ఆవిరి చల్లటి రేకు అడుగున నీళ్లయి తెల్లవారుజామున పక్క మీద చినుకుతాయి. తడిసిన దుప్పటికి ఏ హీటరూ చాలదు. నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది కప్పే. ఈ ఏడు మా పడకగదికి హీటరు మాట పక్కనపెట్టి, రేకుల కింద సీలింగ్ వేయించాను. పైన రేకు, కింద పలక, మధ్యలో కదలని గాలి. ఆ గాలి పొరే వేడిని పట్టి ఉంచుతుంది. ఏప్రిల్ ఎండలోనూ ఇదే అక్కరకొస్తుంది, హీటరు అప్పుడు అటక మీదే కదా.

పలకలు పీవీసీవైనా సరే, ప్లైవుడ్‌వైనా సరే. చేతిలో డబ్బు లేకపోతే సంతలో దొరికే వెదురు తడకలు కట్టించి, పైన టార్పాలిన్ పరిచినా తేడా తెలుస్తుంది. థర్మోకోల్ చవకే, కానీ నిప్పంటుకుంటే ఆగదు, విషపు పొగ వస్తుంది, నేనైతే ఒప్పుకోను. అంచుల్లో ఎలుకలు దూరకుండా జాలీ కొట్టించండి. పని మాత్రం తొందరపడి మొదలుపెట్టకండి. అక్టోబరులోనూ మనకు తుఫాన్లు వస్తాయి, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలవే. ముందు కారే చోట్లు చూసుకుని, పగిలిన రేకులో పెంకులో మార్పించి, కప్పు ఆరాక దీపావళి దాటి సీలింగ్ ఎక్కించడం మంచిది.

మింక్ దుప్పట్లు, బొంతలు ఎలాగూ కావాలి. నేల మీద పడుకునేవాళ్లు కప్పుకునేదానికంటే కింద పరిచేదానికి ఎక్కువ ఖర్చుపెట్టండి.

అద్దె ఇంట్లో ఉంటే సీలింగ్ సగం ఖర్చు యజమానిని అడగండి, ఇల్లు ఆయనదే కదా. ఒప్పుకోకపోతే ఇల్లంతా కాకుండా ఒక్క గదికే తడకలు కట్టించి, చలికాలమంతా అందరూ అక్కడే పడుకోండి. బాలింతో, ముసలివాళ్లో ఉంటే హీటరు కూడా ఆ గదిలోకే తెచ్చుకోండి, పడుకునే ముందు గంటసేపు వేసి ఆపేస్తే సరిపోతుంది.