రూషియాంగ్ (చైనా వైద్యంలో వాడే సువాసన బంక, ఇంగ్లీషులో ఫ్రాంకిన్‌సెన్స్) – ఆరేళ్లు వాడాక చెప్తున్నా

సింగపూర్‌లో ఉండేవాళ్లకి మెడికల్ హాల్, అంటే చైనీస్ మూలికల మందుల షాపు, వాసన తెలిసే ఉంటుంది, ఎండిన వేర్లు, బెరళ్లు, పుట్టగొడుగులు అన్నీ కలిసిపోయిన వాసన. నేను 2019 దాకా ఆ షాపుల్లో అడుగు పెట్టలేదు. ఆ ఏడాది బ్యాడ్మింటన్ ఆడుతుంటే కుడికాలు చీలమండ దగ్గర గట్టిగా బెణికింది, ఎక్స్‌రే తీస్తే ఎముక బానే ఉందన్నారు, మాత్రలిచ్చారు, వాపు కూడా చాలావరకు తగ్గింది కానీ మూడు వారాలైనా మెట్లు దిగుతుంటే ప్రాణం పోయేది. ఆఫీసులో ఒక చైనీస్ కొలీగ్ వాళ్లమ్మ ఎప్పుడూ వెళ్లే సిన్సే దగ్గరికి తీసుకెళ్లాడు. సిన్సే అంటే ఇక్కడ చైనీస్ వైద్యం చేసేవాళ్లు. ఆవిడ కాలు అటూ ఇటూ తిప్పి చూసి, గోధుమరంగు ముద్ద ఒకటి రాసి పట్టు వేసి గుడ్డ చుట్టింది. ఆ ముద్దలోంచి వాసన వస్తుంటే నాకు మా ఊరి గుడి గుర్తొచ్చింది, ఇందులో సాంబ్రాణి ఏమైనా వేశారా ఆంటీ అని అడిగితే నవ్వి డ్రాయర్ లాగి గుప్పెడు పసుపుపచ్చ బంక ముక్కలు చేతిలో పోసింది. అదే రూషియాంగ్.

రూ అంటే పాలు, షియాంగ్ అంటే సువాసన. చెట్టు బెరడుకి గాటు పెడితే తెల్లగా పాలలాగా కారి రెండు వారాల్లో గడ్డకడుతుంది, అందుకే ఆ పేరు. చైనా వైద్యంలో వాడతారు గానీ వాళ్లకి ఈ బంక వచ్చేది సోమాలియా, ఇథియోపియా, ఒమన్ వైపు నుంచి. ఈ వ్యాపారం ఈనాటిది కాదు, 1974లో చైనాలోని చువాన్‌జౌ రేవు దగ్గర సుంగ్ రాజుల కాలంనాటి ఓడ ఒకటి బురదలోంచి తవ్వి తీస్తే అందులో సుగంధపు చెక్కలతో పాటు ఈ బంక కూడా దొరికింది. చైనా వైద్యుల లెక్క ప్రకారం దెబ్బ తగిలినచోట రక్తం పారకుండా ఆగిపోతే నొప్పి, ఇది దాన్ని కదిలిస్తుంది. ఒంటరిగా తక్కువ, మోయావ్ అనే ఇంకో బంకతో జంటగా ఎక్కువ వాడతారు, మోయావ్ అంటే బైబిల్లో వచ్చే బోళం.

ఇప్పుడు నేనెలా వాడతానో చెప్తా. దీన్ని నేరుగా నూరితే కల్వానికి అతుక్కుపోయి చచ్చినా పొడి కాదు, చేతి వేడికే మెత్తబడిపోతుంది. ఓ రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి, కల్వం కూడా చల్లబరిచి, కొంచెం కొంచెంగా వేసి దంచాలి, రుద్దకూడదు, దంచాలి అంతే. మొదట్లో పెళపెళమని పగులుతుంది, తర్వాత సున్నంలాంటి తెల్లటి పొడి లేస్తుంది, ఆ క్షణంలో నిమ్మతొక్క గిల్లినట్టు ఘాటు వాసన ముక్కుకి కొడుతుంది, నాకు ఈ మొత్తం పనిలో ఇష్టమైంది అదే. ఒక చెంచా ఇది, ఒక చెంచా మోయావ్ పొడి, గోరువెచ్చని రైస్ వైన్ పోసి ముద్ద చేసి పలచటి గుడ్డ మీద పరిచి కట్టుకుంటా. రెండు మూడు గంటలకి మించి ఉంచను, ఎందుకంటే ఒకసారి రాత్రంతా ఉంచుకుంటే తెల్లారేసరికి చర్మం ఎర్రగా కంది దురద పుట్టి నాలుగు రోజులు వదల్లేదు. పుండు మీద, చర్మం చిట్లినచోట అస్సలు పెట్టొద్దు.

పనిచేసిందా అంటే, బెణుకులకి, కమిలిన దెబ్బలకి నాకైతే చేసింది. ఆ మొదటిసారి నాలుగు పట్లకి మెట్లు మామూలుగా దిగా. మూడు వారాలు గడిచాయి కాబట్టి దానంతటదే తగ్గిందేమో అని కూడా అనుకున్నా, కాదనలేను. కానీ ఆ తర్వాత మణికట్టుకి ఒకసారి, మోకాలికి రెండుసార్లు కట్టా, ప్రతిసారీ ఆ పూటకి బిగుతు వదిలి హాయిగా అనిపించింది. అదే కూర్చుని కూర్చుని వచ్చే నడుంనొప్పికి మాత్రం ఏమాత్రం లాభం లేదు, దానికి లేచి నడవడమే మందు.

లోపలికి తీసుకునే విషయం జాగ్రత్త. 2020లో అత్యాశకి పోయి పచ్చి బంక పొడి చేసి అర చెంచా తేనెలో కలుపుకుని మింగా, గంటలో కడుపులో తిప్పడం మొదలై ఆ రాత్రంతా వాంతులు. తర్వాత సిన్సే ఆంటీ దగ్గరికెళ్తే చీవాట్లు పెట్టింది. లోపలికి ఇవ్వాలంటే వెనిగర్‌లో వేయించినదే ఇస్తారంట, చైనా ఫార్మకోపియాలో, అంటే వాళ్ల అధికారిక మందుల పుస్తకంలో, 100 కిలోల బంకకి 5 కిలోల వెనిగర్ అని కొలత ఉంది, అదీ రోజుకి 3 నుంచి 5 గ్రాములే, జీర్ణశక్తి తక్కువున్నవాళ్లు, గర్భిణులు జాగ్రత్తపడాలని కూడా రాసి ఉంటుంది. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఆ డబ్బా మొత్తం అటక మీద పెట్టేశా. ఇంకోటి, దెబ్బలకి వాడే ఛీలీసాన్ అనే పాత పొడిలో దీంతోపాటు ఇంగిలీకం కూడా కలుపుతారు, అందులో ఉండేది పాదరసం, అది మింగమని ఎవరు చెప్పినా వినకండి. మోకాళ్ల అరుగుదలకి పనిచేస్తుందని 2003లో నాగపూర్‌లో 30 మంది మీద చేసిన పరిశోధన చాలామంది చూపిస్తారు కదా, అది వేరే చెట్టు, మన అందుగు చెట్టు బంక నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ మీద చేసింది, ఈ పచ్చి ముక్కలకి దాన్ని అంటగట్టకూడదు.

కల్తీ గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని ఒకసారి 500 గ్రాములు తెప్పించా, ముక్కలు గాజులాగా మెరిసిపోతున్నాయి, నిప్పు మీద వేస్తే చెక్క పాలిష్ వాసన, అంతా పైన్ చెట్టు బంక. అప్పట్నుంచి ఏ షాపులో కొన్నా ముందు ఒక ముక్క నోట్లో వేసుకుంటా. అసలుదైతే కొరకగానే ఇసుకలాగా పొడైపోయి, కాసేపటికి బబుల్‌గమ్‌లా పళ్లకి అతుక్కుంటుంది, కొంచెం చేదు. ఇంకో ముక్క చుక్క నీళ్లతో అరగదీస్తే తెల్లటి పాలు వస్తాయి, మోయావ్ అయితే పసుపు గోధుమరంగు వస్తుంది. పైన్ బంక నీళ్లతో అలా పాలవ్వదు.

ధూపంగా కూడా వాడతా, నిజానికి ఎక్కువ ఖర్చయ్యేది దానికే. మాది రైల్వేకోడూరు, అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు బొగ్గు మీద రెండు ముక్కలు వేయగానే "ఇది మన కొండ సాంబ్రాణి కదరా" అంది. ఆమె అన్నదాంట్లో నిజముంది, శేషాచలం కొండల్లో పెరిగే కొండ సాంబ్రాణి చెట్టు, ఈ ఆఫ్రికా చెట్టు దగ్గరి చుట్టాలు, రెండూ బోస్వెల్లియా అనే ఒకే ప్రజాతివి. మనం షాపులో కొనే మామూలు సాంబ్రాణి చాలావరకు వేరే చెట్టుది, కొంచెం వెనిల్లా వాసన, దాన్ని చైనావాళ్లు ఆన్‌షీషియాంగ్ అంటారు.

ఒక్క విషయం మాత్రం నన్ను బాధపెడుతుంది. గాట్లు మరీ ఎక్కువ పెట్టడం, పశువులు లేతమొక్కల్ని మేసేయడం, మంటలు, వీటివల్ల ఇథియోపియా వైపు అడవుల్లో కొత్త చెట్లు రావట్లేదని, 20 ఏళ్లలో దిగుబడి సగానికి పడిపోవచ్చని 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అది చదివాక రోజూ వేసే ధూపం శనివారానికే పరిమితం చేశా. ఇదివరకు పావుకిలో కొనేవాణ్ని, ఇప్పుడు 50 గ్రాములే తీసుకుంటున్నా, ఇక్కడి తేమకి ముక్కలు ముద్దకట్టకుండా గాజుసీసాలో గట్టిగా మూతపెట్టి ఉంచుతున్నా, పోయిన దీపావళికి కొన్నది ఇంకా సగం ఉంది.